గుంటూరులో లింఫోమా వైద్యం: మా మామయ్య గారికి చేయించిన కీమో సెంటర్ మీద నా రివ్యూ

ఆసుపత్రి పేరు రాయట్లేదు. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, కడిగిపారేయాల్సినవీ ఉన్నాయి, పేరు పెడితే మొదటివి ప్రకటనలా, రెండోవి పగ తీర్చుకుంటున్నట్టు కనిపిస్తాయి. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, క్యాన్సర్ విభాగం ఉంది, కీమోకి డే కేర్ ఉంది, అంతవరకు చాలు. మా మామయ్య గారికి, అంటే మా ఆయన వాళ్ళ నాన్నగారికి, డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అని తేలి ఆరు సైకిల్స్ కీమో ఇక్కడే పూర్తయింది. ఫైలు మోసింది, క్యూలో నిలబడింది, గొడవ పడింది అన్నీ నేనే కాబట్టి రివ్యూ కూడా నేనే రాస్తున్నా. అయిదుకి మూడున్నర ఇస్తా. నాలుగున్నర ఇవ్వాల్సింది, ఒక్క రాత్రి దెబ్బకి ఒక స్టార్ పోయింది, అది కింద చెప్తా.

క్యాన్సర్ ఆసుపత్రుల మీద జనం రాసేవి చదివితే లాబీ బాగుంది, ఏసీ బాగుంది, రిసెప్షన్ అమ్మాయి నవ్వుతూ మాట్లాడింది, పార్కింగ్ లేదు, ఇవే ఉంటాయి. లింఫోమాకి ఇవి పనికొచ్చే కొలతలు కావు. మా మామయ్యకి వచ్చిన రకానికి గుంటూరులో అయినా హైదరాబాద్‌లో అయినా ముంబైలో అయినా చాలామందికి మొదట పెట్టేది ఆర్-చాప్ అనే మందుల కలయికే. అయిదు మందులు, 21 రోజులకోసారి, మామూలుగా ఆరుసార్లు. మందు అంతటా ఒకటే అయినప్పుడు ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా ఎక్కడొస్తుందంటే జబ్బు ఏమిటో సరిగ్గా, తొందరగా తేల్చారా, ఆరు డోసులూ గడువు తప్పకుండా పడేలా చూశారా, మధ్యలో ఇన్ఫెక్షన్ వస్తే ఆ గంటలో పట్టించుకున్నారా, ఈ మూడింట్లోనే. మన దేశంలో లింఫోమా పేషెంట్లు ఎక్కువగా దెబ్బతినేది కూడా వీటిల్లోనే. నా మార్కులన్నీ వీటికే.

జబ్బు గురించి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒంట్లో లింఫ్ గ్రంథులుంటాయి కదా, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో, మనవాళ్ళు బిళ్ళ కట్టింది అంటారే, అక్కడుండే తెల్ల కణాల్లో పుట్టే క్యాన్సర్ ఇది. థామస్ హాడ్జ్‌కిన్ అనే లండన్ డాక్టరు 1832లోనే వర్ణించాడు, ఆయన పేరుతో ఒక రకం, అది కానివన్నీ నాన్ హాడ్జ్‌కిన్ అని ఇంకో గంప. ఆ గంపలో పదుల రకాలున్నాయి. కొన్నింటికి లక్షణాలు లేకపోతే మందే వేయకుండా ఏళ్ళ తరబడి గమనిస్తూ కూర్చుంటారు, కడుపులో వచ్చే ఒక రకం హెచ్.పైలోరీ బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్స్ వాడితేనే చాలామందిలో తగ్గిపోతుంది, కొన్ని వారాల్లో మనిషిని పడేస్తాయి. అందుకే ఎవరైనా "మా చుట్టాలాయనకీ లింఫోమానే, ఆయనకి ఇట్లా చేశారు" అంటే నేను వినడం మానేశాను.

మన దేశం లెక్కలు చూస్తే కొంచెం వేరే బొమ్మ కనిపిస్తుంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 2000లో 2,773 నాన్ హాడ్జ్‌కిన్ కేసుల్ని రకాల వారీగా విడగొట్టి ప్రచురించారు: బీ సెల్, టీ సెల్ అనేవి ఆ తెల్ల కణాల్లోనే రెండు జాతులు, వాటిల్లో బీ సెల్ రకాలు 79 శాతం, టీ సెల్ రకాలు 16 శాతం, అన్నింట్లోకీ ఎక్కువ మా మామయ్యకి వచ్చిన డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్, 34 శాతం. తర్వాత వచ్చిన చాలా ఆసుపత్రుల లెక్కల్లో దాని వాటా సగం దాకా, అంతకన్నా ఎక్కువ కూడా వచ్చింది. నిదానంగా పెరిగే ఫాలిక్యులర్ రకం పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ తక్కువ. వయసు కూడా అంతే, అమెరికాలో నాన్ హాడ్జ్‌కిన్ వచ్చేవాళ్ళ మధ్యస్థ వయసు 60ల చివర్లో ఉంటే మన దగ్గర 54 దగ్గర, అంటే ఇంకా సంపాదిస్తూ ఇల్లు నడిపే వయసు. హాడ్జ్‌కిన్ రకంలో అయితే మన పిల్లల కేసుల్లో ఈబీవీ అనే వైరస్ జాడ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. రోగుల లెక్క రాసే జాతీయ రిజిస్ట్రీ కార్యక్రమం ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 1981లో మొదలుపెట్టింది కానీ అది దేశ జనాభాలో కొంత భాగాన్నే కవర్ చేస్తుంది. కాబట్టి మనకున్న బొమ్మ చాలావరకు పెద్ద ఆసుపత్రుల గుమ్మం దాకా రాగలిగిన వాళ్ళది. రాలేనివాళ్ళు ఆ లెక్కల్లో లేరు.

రాలేకపోవడం ఎట్లా ఉంటుందో మా ఇంట్లోనే కొద్దిలో చూశాం. మామయ్యకి మెడ కింద బిళ్ళ కట్టింది, నొప్పి లేదు. సాయంత్రం అయ్యేసరికి వెచ్చబడడం, రాత్రి బనీను తడిసిపోయేంత చెమట, లుంగీ నడుము దగ్గర మడత మీద మడత పెరగడం. ఊరికి దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే సూది పరీక్ష చేశారు, రిపోర్టులో ఏదీ తేల్చి చెప్పలేదు, అయినా టీబీ బిళ్ళలు రాసేశారు. ఆ డాక్టరుది దుర్మార్గం అనను. ఈ దేశంలో మెడ గడ్డకి టీబీ చాలా మామూలు కారణం, లక్షణాలూ ఒకటే: జ్వరం, చెమట, బరువు తగ్గడం. కానీ టీబీ క్రిమి కనపడకుండా, సరైన పరీక్ష లేకుండా నెలల తరబడి ఆ మందు నడిపించడం అనేది దేశమంతా లింఫోమా పేషెంట్ల ఫైళ్ళలో కనిపించే కథే, ఆంకాలజిస్టులు దీని గురించి మొత్తుకుంటూనే ఉన్నారు. మామయ్యకి మొదట్లో కొంచెం ఒళ్ళు తేలికైనట్టు అనిపించిందట, మూత్రం ఎర్రగా వస్తుంటే మందు పని చేస్తోందని సంతోషించారు, అది రిఫాంపిసిన్ రంగు. ఈలోగా చంకలో ఇంకో బిళ్ళ.

ఇక ఈ సెంటర్ సంగతి. మొదటిరోజే డాక్టరు గారు పాత రిపోర్టు చూసి ఒక్క మాట అన్నారు, "సూదితో లాగిన నాలుగు కణాలు చూసి లింఫోమా రకం తేల్చలేమమ్మా, బిళ్ళ మొత్తం తీసి ముక్క పరీక్ష చేయాలి." సూదిలో కణాలు వస్తాయి కానీ గ్రంథి లోపలి అమరిక కనపడదు, రకం తేలాలంటే ఆ అమరికే కావాలి. డబ్బు గుంజడానికి ఆపరేషన్ అంటున్నారేమో అని మా ఆయనకి అనుమానం, ఆ అనుమానం చాలామందికి వస్తుంది, కానీ ఇది చిన్న ఆపరేషన్, మత్తు ఆ భాగానికే ఇచ్చారు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. లింఫోమా అనుమానం ఉన్నచోట సూది పరీక్షతో సరిపెట్టి కీమో మొదలెడతామంటే అక్కడ ఆగకండి. ఈ ఒక్క విషయంలో ఈ సెంటర్‌కి నిండుగా అయిదు ఇస్తా.

ఆ తర్వాత కణాల మీది గుర్తులు చూసి రకం తేల్చే ఐహెచ్‌సీ పరీక్షకి బ్లాకులు, అంటే తీసిన ముక్కని మైనంలో పెట్టిన దిమ్మెలు, హైదరాబాద్ పంపారు. ఇక్కడ చిరాకేసింది. రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగితే కౌంటర్‌లో ఒకరు "సోమవారం" అంటే ఇంకొకరు "కొరియర్ ఇంకా వెళ్ళలేదు మేడం" అన్నారు. ఇంట్లో అత్తయ్య గారు రోజూ దేవుడి దగ్గర కూర్చుంటుంటే, అక్కడ కొరియర్ కవరు టేబుల్ మీద పడి ఉంది. గట్టిగా అడిగాకే కదిలింది. రిపోర్టు వచ్చాక మాత్రం డాక్టరు గారు కాగితం ముందు పెట్టుకుని వేలుపెట్టి చూపించారు: సీడీ20 పాజిటివ్, అంటే ఆర్-చాప్‌లో ఆర్ అయిన రిటుక్సిమాబ్ అనే మందు పట్టుకోవడానికి కణం మీద దానికి కావాల్సిన గుర్తు ఉందని. సీడీ3 నెగెటివ్, టీ సెల్ రకం కాదని. కేఐ-67 ఎనభై శాతం, కణాలు చాలా జోరుగా విభజన అవుతున్నాయని. "జోరుగా పెరిగేవే మందుకి బాగా లొంగుతాయి కూడా, భయపడకండి" అన్నారు. ఓపీలో మాత్రం ఆయన కోసం పొద్దున్నించి కూర్చుంటే మధ్యాహ్నం దాటాక పిలుపు, టోకెన్ నంబరుకీ పిలిచే వరసకీ సంబంధం ఉండదు. టిఫిన్ డబ్బా కట్టుకెళ్ళండి, క్యాంటీన్ సాంబారు గురించి రాయడం కూడా దండగ.

మొదటి కీమోకి ముందు గుండెకి 2డీ ఎకో, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేయించారు. ఇవన్నీ బిల్లు పెంచడానికే అని పక్క సీట్లో ఒకాయన గొణిగాడు, కాదు. రిటుక్సిమాబ్ పడితే ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బి వైరస్ లేచి కాలేయాన్ని పాడు చేయగలదు, అది ముందే తెలిస్తే మందు వేసి ఆపొచ్చు. ఎకో ఎందుకంటే ఆర్-చాప్‌లో డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని బలహీనం చేయగలదు, జీవితకాలంలో ఎంత పడొచ్చో దానికి ఒక హద్దు ఉంటుంది, ఆరు సైకిల్స్‌కి చదరపు మీటరుకి 300 మిల్లీగ్రాములు పడతాయి, అది హద్దుకి లోపలే కానీ గుండె ముందే బలహీనంగా ఉన్నవాళ్ళకి లెక్క మారుతుంది. ఈ పరీక్షలు అడక్కుండానే రాసే చోటుకి వెళ్ళండి.

డే కేర్ గది పెద్దదేం కాదు, పడుకునే కుర్చీలు వరసగా, మధ్యలో పచ్చ తెరలు, తోడొచ్చినవాళ్ళకి ఒక ప్లాస్టిక్ స్టూలు. కానీ అక్కడి సిస్టర్లు బంగారం. రిటుక్సిమాబ్ మొదటిసారి చాలా నెమ్మదిగా ఎక్కించాలి, గంటకి 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అరగంటకోసారి కొంచెం కొంచెం పెంచుతారు, ముందు ఆవిల్, పారాసిటమాల్, స్టెరాయిడ్ ఇస్తారు. అయినా మామయ్యకి చలి పట్టుకుంది, పళ్ళు టకటకమంటున్నాయి. నేను లేచి అరిచేలోపే సిస్టర్ పంపు ఆపేసి, దుప్పటి కప్పి, బీపీ చూసి, డాక్టరుకి ఫోన్ చేసి, కాసేపయ్యాక మళ్ళీ తక్కువ వేగంతో మొదలుపెట్టింది. ఆమెకి అది రోజూ చూసే వ్యవహారం, మాకు గుండె ఆగినంత పని. సాయంత్రం దాకా అదే మందు. మొదటిరోజు ఇంత సేపు పడుతుందని ముందే ఒక ముక్క చెప్పి ఉంటే, రెండింటికల్లా ఇంటికొచ్చేస్తాం అనుకుని స్కూలు నుంచి పిల్లల్ని తేవడానికి ఎవర్నీ పెట్టకుండా వెళ్ళే పరిస్థితి ఉండేది కాదు.

ఎర్ర మందు సంగతి చెప్పాలి. డాక్సోరుబిసిన్‌కి అందరూ పెట్టుకున్న పేరు అదే. మామయ్య మిర్చి యార్డులో గుమాస్తాగా పని చేసిన మనిషి, సిరంజి చూడగానే "అమ్మాయ్, కారం కలిపిన నీళ్ళలా ఉందే" అన్నారు. అది నరంలోంచి బయటికి జారితే చర్మం, కింద కండ కుళ్ళిపోతాయి, అందుకే సిస్టర్ ముందు సిరంజి కొంచెం వెనక్కి లాగి కాన్యులాలోకి రక్తం వస్తుందో లేదో చూసింది, తర్వాత కొంచెం తోయడం, ఆగడం, మళ్ళీ వెనక్కి లాగి చూడడం. సెలైన్ పక్కన నడుస్తూనే ఉంది. "తాతగారూ, మంటగానీ చురుక్కుమనడంగానీ ఉంటే వెంటనే చెప్పాలి, ఓర్చుకోవద్దు" అని అయిదారుసార్లు చెప్పింది. మన పెద్దవాళ్ళకి ఓర్చుకోవడం ఒక గొప్ప కదా. ఆ రోజంతా మూత్రం ఎర్రగా వస్తుందని, అది రక్తం కాదని కూడా ఆమే చెప్పింది, డాక్టరు చెప్పలేదు.

డబ్బుల విషయం. ఆర్-చాప్‌లో ఖరీదైంది ఆ ఆర్, రిటుక్సిమాబ్ ఒక్కటే, మిగతావి ఎప్పటినుంచో ఉన్న పాత మందులు. విదేశీ మందు ఒక్కటే దొరికే రోజుల్లో మనవాళ్ళు చాలామంది అది లేకుండా ఉత్త చాప్‌తోనే సరిపెట్టుకునేవాళ్ళు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు 2007లో రెడిటక్స్ పేరుతో దేశీ బయోసిమిలర్, అంటే అసలు మందుని పోలి ఉండే మందు, తెచ్చాక ధర సగం దాకా పడింది, తర్వాత వేరే కంపెనీలూ వచ్చాయి, 2015లో అత్యవసర మందుల జాతీయ జాబితాలోకీ చేరింది. అయినా ఆసుపత్రి ఫార్మసీలో వయల్ మీద ఉన్న రేటుకీ బయట డిస్ట్రిబ్యూటర్ చెప్పే రేటుకీ తేడా ఉంది. బయట్నుంచి తెచ్చుకోవచ్చా అంటే ఇక్కడ మొహం మాడ్చుకున్నారు, కోల్డ్ చైన్ పాడవుతుందని అన్నారు. ఆ మాటలో నిజం ఉంది, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు, గుంటూరు ఎండలో స్కూటర్ డిక్కీలో తెచ్చేది కాదు. కానీ ఆ కారణంతోనే రేటు తగ్గించమని బేరమాడితే కొంత తగ్గించారు. అడిగితేనే తగ్గుతుంది, గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, డోసు ఒంటి విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది, చదరపు మీటరుకి 375 మిల్లీగ్రాములు, వయల్స్ 100, 500 సైజుల్లో వస్తాయి, ఏ సైజులు వాడారో బిల్లులో చూసుకోండి.

ప్రభుత్వ పథకం ఉన్నవాళ్ళకి, ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, కింద డెస్క్ ఉంది. ఆరోగ్యమిత్ర అమ్మాయి ఓపిగ్గా చెప్తుంది. మీ ప్యాకేజీలో రిటుక్సిమాబ్ వస్తుందా లేక అది చేతి నుంచి పెట్టుకోవాలా అని మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి, జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పెట్ స్కాన్ సంగతి కూడా. మేం పక్క కుర్చీ వాళ్ళ తగాదా చూశాం, మూడో సైకిల్ రోజు వచ్చాక ఈ లెక్క తేలితే ఆ రోజు మందు పడదు.

ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది డాక్టరు కాదు, మెషిన్లు కాదు, డే కేర్ గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చునే ఒక అక్క. చేతిలో పెద్ద రిజిస్టరు. సైకిల్‌కి రెండు రోజుల ముందు ఫోన్ చేస్తుంది: రక్త పరీక్ష చేయించారా, తెల్ల కణాలు ఎన్ని వచ్చాయి, జ్వరం ఉందా, బస్సులో వస్తున్నారా ఆటోనా. రాకపోతే మళ్ళీ చేస్తుంది, అప్పటికీ రాకపోతే తోడొచ్చినవాళ్ళ నంబరుకి చేస్తుంది. చాలామందికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రెండు డోసులు పడగానే బిళ్ళలు కరిగిపోతాయి, ఆకలి వేస్తుంది, మనిషి లేచి తిరుగుతాడు, తగ్గిపోయిందనుకుంటాడు. అప్పుడే మన ప్రాంతంలో మిర్చి కోతలు వస్తాయి, కూలి రేటు బాగుంటుంది, "ఈ నెల ఆగి వచ్చే నెల వస్తాం" అంటారు. మధ్యలో వదిలేసినవాళ్ళు, గడువులు దాటించినవాళ్ళు మన దేశంలో చాలామంది, మిగిలిపోయిన నాలుగు కణాలు మళ్ళీ మొదలైతే రెండోసారి అదే మందుకి అంత తేలిగ్గా లొంగవు. ఆ అక్క ఫోన్‌లో ఒకాయనతో "అన్నయ్యా, కోతలు ఏడాదికోసారి వస్తాయి, నువ్వు సోమవారం రా" అని గద్దిస్తుంటే విన్నాను, సోమవారం ఆయన వచ్చాడు కూడా. ఆమె జీతం ఎంతో తెలియదు కానీ అక్కడ ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఆమే అని నా నమ్మకం. సంక్రాంతికి డే కేర్ మూసేస్తారని తెలిసి మా డేటు ఒకరోజు ముందుకి జరిపింది కూడా ఆమే, వెనక్కి కాదు.

ఇక స్టార్ పోయిన రాత్రి. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్యలో తెల్ల కణాలు అట్టడుగుకి పడతాయి, అప్పుడు 100.4 ఫారెన్‌హీట్ దాటి జ్వరం వస్తే పగలైనా రాత్రైనా వెంటనే రావాలి, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, అని వాళ్ళిచ్చిన కార్డు మీదే ఎర్రక్షరాలతో ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రాత్రి పదకొండింటికి మామయ్యకి 101 వచ్చింది. కార్డు మీద ఉన్న నంబరుకి చేస్తే సెక్యూరిటీ ఎత్తాడు. "క్యాన్సర్ వాళ్ళు పొద్దున తొమ్మిదింటికి వస్తారమ్మా." కారేసుకుని వెళ్ళాం. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు పారాసిటమాల్ రాసి పొద్దున ఓపీకి రమ్మన్నాడు. వాళ్ళ కార్డే వాళ్ళకి చూపించి, సీబీపీ, అంటే రక్త కణాల లెక్క, చేయకుండా కదలను అని కూర్చున్నాను. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు, న్యూట్రోఫిల్స్, 500 కంటే తక్కువ వచ్చాయి. అప్పుడు మొదలయ్యాయి పరుగులు, అడ్మిషన్, సెలైన్, యాంటీబయాటిక్, తెల్ల కణాలు పెంచే ఇంజెక్షన్లు. బతికి బయటపడ్డారు, సంతోషం. కానీ కార్డు చదవడం రానివాళ్ళు, ఎదురు మాట్లాడటం అలవాటు లేనివాళ్ళు పారాసిటమాల్ వేసుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటే? చికిత్స మధ్యలో ఇన్ఫెక్షన్‌తో పోవడం అనేది మన దేశపు లింఫోమా ఫలితాల్ని వెనక్కి లాగే పెద్ద కారణాల్లో ఒకటి. క్యాన్సర్ విభాగం నడుపుతూ రాత్రి ఫోన్ ఎత్తే మనిషి లేకపోవడం చిన్న లోటు కాదు. మర్నాడు డాక్టరు గారు సారీ చెప్పారు, సరే, ఆయన తప్పు కాదేమో, కానీ ఆయన సెంటరే.

చిన్న చిన్నవి ఇంకొన్ని. డైట్ షీట్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు: ఓట్స్, బ్రకోలీ, గ్రిల్డ్ చికెన్. కొల్లిపర వైపు మనిషికి బ్రకోలీ ఎక్కడ తేను? ఇంట్లో ఊరగాయ, బయటి తిండి మానిపించి, వేడివేడిగా పప్పు, చారు, ఉడికించిన గుడ్డు పెట్టాం, తర్వాత అడిగితే డాక్టరు గారు కూడా అదే చాలన్నారు. మరి ఆ కాగితం ఎవరికోసం? వింక్రిస్టిన్ వల్ల మలబద్ధకం వస్తుందని, వేళ్ళు తిమ్మిరెక్కుతాయని ముందే చెప్పారు, సిరప్ రాశారు, బాగుంది. ప్రెడ్నిసలోన్ రోజుకి 100 మిల్లీగ్రాములు అయిదు రోజులు వేసుకోవాలి, మామయ్యకి సుగర్ ఉంది, ఆ అయిదు రోజులూ మిషన్‌లో అంకెలు చూస్తే కళ్ళు తిరిగేవి, నిద్ర లేదు, అర్ధరాత్రి లేచి బీరువా సర్దేవారు. సుగర్ డాక్టరుకీ వీళ్ళకీ మధ్య మాటల్లేవు. దాని ఫలితం పెట్ స్కాన్ రోజు చూశాం. స్కాన్‌కి ముందు మెట్‌ఫార్మిన్ ఆపమన్నారు, బదులుగా ఏం వేయాలో చెప్పలేదు, పరగడుపున విజయవాడ దాకా వెళ్తే అక్కడ సుగర్ 200 దాటింది, పంపేశారు. ఆ స్కాన్‌లో ఎక్కించే మందు రేడియోధార్మిక శక్తి ప్రతి 110 నిమిషాలకి సగం అయిపోతుంది, స్లాట్ తప్పితే అది మనకోసం ఆగదు. వారధి మీద ట్రాఫిక్‌లో ఆకలితో, కోపంతో వెనక్కొచ్చాం. సుగర్ ఉన్నవాళ్ళు స్కాన్ రాసిన రోజే ఇది అడిగి తేల్చుకోండి.

ఫలితం. ఆఖరి స్కాన్‌లో జబ్బు ఎంత మిగిలిందో చెప్పే డోవిల్ స్కోర్ 2 వచ్చింది, అయిదింట్లో. ఒకటి, రెండు అంటే మంచిది, నాలుగు, అయిదు అంటే జబ్బు ఇంకా వెలుగుతోందని. కంప్లీట్ రెస్పాన్స్ అన్నారు. అత్తయ్య "తగ్గిపోయినట్టేనా బాబూ" అని అడిగితే డాక్టరు గారు అవునని అనలేదు. ఈ రకంలో మళ్ళీ వస్తే ఎక్కువమందికి మొదటి రెండేళ్ళలోనే వస్తుంది, ఆ రెండేళ్ళు దాటినవాళ్ళ ఆయుష్షు ఆ వయసు మామూలు మనుషులకి దగ్గరగా ఉంటుందని చెప్పారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. ఫ్రాన్స్, బెల్జియం వైపు చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో 60 నుంచి 80 ఏళ్ళ వాళ్ళకి చాప్ ఒక్కటే ఇస్తే 63 శాతానికి పూర్తిగా కరిగింది, రిటుక్సిమాబ్ కలిపితే 76 శాతానికి. పదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు 27.6 శాతం, 43.5 శాతం. అంటే మందు గొప్పదే, మంత్రం కాదు. మన పెద్ద ఆసుపత్రుల లెక్కల్లోనూ మొత్తం కోర్సు చేయించుకున్నవాళ్ళ ఫలితాలు బయటి దేశాలకి మరీ దూరంగా లేవు. తిరగబెడితే ఎముక మజ్జ మార్పిడి, ఇంకా 2023 అక్టోబరులో అనుమతి వచ్చిన మన దేశీ కార్-టీ (పేషెంటు టీ కణాల్నే మార్చి క్యాన్సర్ మీదకి పంపే వైద్యం), నెక్స్‌కార్19, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసినది, ఉంది. విదేశాల్లో కోట్లలో ఉండేది ఇక్కడ లక్షల్లోకి దిగింది. అయినా మా బోటివాళ్ళకి ఆ లక్షలు కూడా పొలం అమ్మే మాటే.

హాడ్జ్‌కిన్ వాళ్ళకి ఈ సెంటర్ ఎట్లా ఉంటుందంటే, మా పక్క కుర్చీలో ఇంటర్ పిల్లాడు రెండు వారాలకోసారి ఏబీవీడీకి, అంటే హాడ్జ్‌కిన్‌కి ఇచ్చే నాలుగు మందుల కీమోకి, వచ్చేవాడు, ఒళ్ళో ఫిజిక్స్ పుస్తకం. ఆ జబ్బు సరిగ్గా చేయిస్తే పదిమందిలో ఎనిమిదిమందికి పైగా నయమవుతుంది. వీర్యం దాచుకునే విషయం కీమోకి ముందే వాళ్ళ నాన్నకి చెప్పారట, అది అడక్కుండా చెప్పే డాక్టర్లు మన దగ్గర తక్కువ. దానికి కూడా మార్కులు వేస్తున్నా.

ఎవరు వెళ్ళొచ్చు అంటే, కొత్తగా తేలినవాళ్ళు, మామూలు ఆర్-చాప్, ఏబీవీడీ చేయించుకోవాల్సినవాళ్ళు ధైర్యంగా వెళ్ళొచ్చు, ప్రతి మూడు వారాలకీ హైదరాబాద్ తిరిగే ఖర్చు, అలసట అనవసరం. డబుల్ హిట్ (రెండు జన్యువులు దెబ్బతిన్నది) లాంటి మొండి రకాలు, టీ సెల్ రకాలు, తిరగబెట్టినవాళ్ళు ఒకసారైనా పెద్ద సెంటర్‌లో రెండో అభిప్రాయం తీసుకోండి, స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకెళ్ళండి, రసీదు రాసి ఇస్తారు. డబ్బు బొత్తిగా లేనివాళ్ళకి గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, నాట్కో మందుల కంపెనీ వాళ్ళు కట్టించిన క్యాన్సర్ సెంటర్ ఉంది, అక్కడ నేను చేయించలేదు కాబట్టి మార్కులు వేయను.

ఫిర్యాదు రాసిచ్చాక ఇప్పుడు కార్డు మీద కొత్తగా ఒక సెల్ నంబరు స్టిక్కరు అంటిస్తున్నారు, రాత్రి డ్యూటీ అని. మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ బల్ల దగ్గర అక్కని అడిగితే, ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటుందో ఆమెకీ తెలియదంది. అది తేలే దాకా నా రేటింగ్ మూడున్నరే.